నాలుగు మైక్రాన్ల మందం

మైనపు దిమ్మని మైక్రోటోమ్ మీద బిగించి
చక్రం తిప్పుతాను.
ఉల్లిపొరకంటే పల్చగా రిబ్బను లేస్తుంది.
గోరువెచ్చని నీళ్ళ మీద పరిచి
గాజుపలక మీదికి ఎత్తుకుంటాను, ఊపిరి బిగబట్టి.
తుమ్మితే ఒక మనిషి ఎగిరిపోతాడు.

ఈ మనిషి పేరు దండాసి మహారణా.
పర్లాకిమిడిలో గేదెకొమ్ముల పనివాడు.
కొమ్ముని నిప్పుసెగ మీద మెత్తబరిచి
కొంగలూ దువ్వెనలూ, మీసాలతో సహా రొయ్యలూ చేస్తాడు.
బీడీ ముట్టలేదట ఎప్పుడూ.
బరంపురం పెద్దాసుపత్రికి వానలో బస్సు దిగాడు,
తను తడిసి, ఎక్స్‌రే కవరుకి కండువా కప్పి.

ముందు హెమటాక్సిలిన్, తర్వాత ఇయోసిన్.
నీలం. గులాబీ.
కటకానికి కన్ను ఆనించాను.

కణితి కణాలు పెద్దవి, ఒకదాన్నొకటి ఒరుసుకుని
గట్లు చెరిగిపోయిన మడుల్లా ఉన్నాయి.
వాటి చుట్టూ, మధ్యన, సందుసందునా
ఆవాలు ఒలికినట్టు లింఫోసైట్లు.
ఒంటిని కాసేవాళ్ళు.
పదకొండేళ్ళ ఉద్యోగంలో ఇంతమందిని ఒక్కచోట చూడలేదు.
సుభాషిణి మేడం కుర్చీ రెండుసార్లు ముందుకి జరుపుకుంది.
"ఊపిరితిత్తుల్లో వందకి ఒకటి కూడా ఉండదిది" అంది.
ఆ గొంతులో కాస్త సంబరం.
నాకూ కలిగింది.
తర్వాత సిగ్గేసింది.

వచ్చారు, సరే.
వచ్చి ఏం చేస్తున్నారు?

భువనేశ్వర్ పంపిన అద్దకం పన్నెండో రోజుకి తిరిగొచ్చింది.
ప్రతి కణితి కణమూ తన అంచు చుట్టూ
గోధుమరంగు గీత గీసుకుని ఉంది.
ఆ గీత ఒక మాట.
కాపలావాడు దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యేస్తే
"మనోళ్ళమే" అంటుంది.
వాడు చెయ్యి దించేస్తాడు.

ఆ మాట నాకు తెలుసు.
మహేంద్రతనయ దాటితే పాతపట్నం.
చెక్‌పోస్టులో ఇటువాణ్ణి "భాయినా" అని, అటువాణ్ణి "బావా" అని
మా నాన్న బియ్యం బస్తాలు దాటించేవాడు.
ఏ పిలుపూ అబద్ధం కాదు,
రెండు భాషలూ మా వంటింట్లోవే.
ఈ కణమూ ఈ ఒంట్లో పుట్టిందే.
కాపలావాడు మాత్రం ఎక్కడని పట్టుకుంటాడు?

దండాసి కిటికీ దగ్గర నిలబడ్డాడు.
చూపించకూడదు. చూపించాను.
కొంగముక్కు వంకర సరిచూసుకునేటట్టు
ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు.
"ఎంత పల్చగా కోసినావమ్మా!
నా రొయ్య మీసం ఇంత పల్చన రాదు."
మళ్ళీ కాసేపటికి,
"ఆ నల్లపూసలేటి?"
నీవాళ్ళే, నిన్ను కాయడానికొచ్చినవాళ్ళు, అన్నాను.
కన్ను తియ్యకుండానే అడిగాడు:
"మరి పెళ్ళికొచ్చినట్టు అలా నిలబడిపోయేరేటి?"

వాళ్ళని తట్టి లేపే మందు ఒకటుంది.
మూడు వారాలకోసారి, సెలైన్లో.
అందరికీ పనిచెయ్యదు.
ఇలా గుంపుకట్టినచోట ఆశ కొంచెం ఎక్కువంటారు.
ఖరీదు చెబితే కొమ్ములన్నీ అమ్మినా చాలదు.
ఇవన్నీ మేడం చెప్పాల్సినవి.
నేను కోసేదాన్ని.

సాయంత్రం దిమ్మని అరలో పెట్టబోతూ కొలిచాను.
ఇంకా రెండు మిల్లీమీటర్ల దండాసి మిగిలాడు.
నాలుగేసి మైక్రాన్ల చొప్పున
ఐదువందల పలకలు.
నంబరు మీద చెరిగిన సిరా
మళ్ళీ దిద్దాను.