రోడ్డుకో టక్కు

జాకెట్టు మెడ తిరిగే చోట
మిషను మీద కాలు తీయాలి.
పదహారేళ్లప్పుడు అమ్మ చెప్పిన సంగతి.
తీయకపోతే సూది వేల్లో దిగుతుంది.
నాకు దిగింది. రెండు సార్లు.

మా మిట్టూరు సందుకూ ఒక మెడ ఉంది,
పిండిమర దగ్గర.
సిగ్నలు తప్పించుకొచ్చే బండ్లన్నీ
అక్కడ కాలు తీయకుండానే తిరుగుతాయి.

హేమాద్రికి ఎనిమిదేళ్లు. చెవులు వినపడవు.
ఆ పొద్దు ఉద్దిపప్పు పొట్లం పట్టుకొని అడ్డం వచ్చినాడు.
"హారన్ కొట్టినాను కదక్కా" అన్నాడు బండి పిల్లోడు,
వాడి చేతులూ వణకతానే ఉన్నాయి.
కొట్టినాడు, నిజమే. వీధంతా విన్నాం,
వినాల్సినోడు తప్ప.
మోకాటి కింద ఎముక. పుత్తూరు కట్టు, నలభై రోజులు.
పప్పు కోళ్లు ఏరుకున్నాయి.

మున్సిపాలిటీలో అడిగినారు:
గంటకెన్ని బండ్లు పోతాయో లెక్కుందా?
కిటికీ కాడ కూర్చోని
బండికో గుండీ డబ్బాలో వేసినాను.
రెండొందల పద్దెనిమిది.
డబ్బా టేబులు మీద పెడితే
ఆయన మూత తీసి చూసి
"రాసి తీసుకురామ్మా" అన్నాడు.
రాసిచ్చినాను.
ఆ కాయితం ఎక్కడో ఇంకా
కాలు తీసే ఉంది.

చెంగల్రాయుడు మేస్త్రి ఏమీ రాయలేదు.
ధనకోటి వాళ్ల మిద్దెకు కప్పేసిన రాత్రి
మిగిలిన కాంక్రీటు తట్టల్లో తెచ్చి
సందుకు అడ్డంగా పోసి, తాపీతో నున్నగా లాగినాడు.
"ఏందన్నా ఇది?" అంటే
"నువ్వు గుడ్డకు వేస్తావే, టక్కు. అదే" అన్నాడు.

మొదట ఎత్తెక్కువైంది.
పాల క్యాను దొర్లింది.
నిండు నెలల వళ్లియమ్మ కోడలు
ఆటో దిగి నడిచింది, మేస్త్రిని తిట్టుకుంటా.
ఆయన ఉలి తెచ్చి రెండు పూటలు చెక్కినాడు.
బిగువైతే విప్పి కుట్టాల్సిందే కదా,
గుడ్డయినా, రోడ్డయినా.

ఇప్పుడు బెంగుళూరా కాయల కాలం.
గుజ్జు ఫ్యాక్టరీకి పోయే ట్రాక్టర్లు
టక్కు కాడ ఒకసారి మూలిగి
ఒకటో రెండో కాయలు రాల్చిపోతాయి.
సుంకం, అంటారు పిల్లకాయలు.

హేమాద్రి గడప మీద కూర్చుంటాడు
అరికాళ్లు నేలకానించి.
ముందు చక్రం దిగితే ఒక అదురు,
వెనక చక్రం దిగితే ఇంకో అదురు.
రెండోది వచ్చేదాకా లేవడు.
ఆ మధ్యలో డ్రైవరు ముఖం చూస్తాడు.
డ్రైవరు వాడి ముఖం చూస్తాడు.
అంత తీరిక ఈ సందులో
ఇంతకు ముందు ఎవరికుంది?

నిన్న మళ్లీ డబ్బా తీసి లెక్కేసినాను.
రెండొందల పదకొండు. పెద్దగా తగ్గిందేం లేదు.
కానీ ఈసారి
ఎర్ర బండికి ఎర్ర గుండీ, నీలం దానికి నీలం
వెతికి వేసేంత వ్యవధి దొరికింది.

సున్నం చారలు చెరిగిపోతా ఉన్నాయి.
మేస్త్రికి చెప్పాలి.