గూడ్సు పోనీ

పదకొండు దాటినాక గుంతకల్లుకు ఒక ముఖం ఉండేది.
నెట్టికంటయ్య ముఖం.
పైన పెళ్లినాటి కోటు, కింద గళ్ల లుంగీ.
కెమెరా నడుము దాకే కదప్పా అనేవాడు,
నడుము కింద ఎవరి సంసారం వాళ్లది.

సోడా అంగడి మిద్దె మీద కేబులాఫీసు.
ఫోటో స్టూడియో వాళ్లు వద్దనుకున్న జలపాతం తెర,
రెండు ప్లాస్టిక్ కుర్చీలు.
నాలుగు రోజులకోసారి కొళాయి వచ్చే ఊళ్లో
మా వెనక రాత్రంతా నీళ్లు దూకుతుండేవి.

నేను లైటు పట్టుకునేవాణ్ణి. టేపు మార్చేవాణ్ణి.
అనుకున్న మనిషి రాకుంటే కిందికి దిగి
వీధిలో ఎవరు కనపడితే వాళ్లను పిలుచుకొచ్చేవాణ్ణి.
అట్ల వచ్చినవాళ్లే బాగా మాట్లాడినారు.

గ్యాంగ్‌మన్ వన్నూరప్ప ఒక రాత్రి
ఎండకు పట్టాలు ఎట్ల సాగుతాయో చెప్పినాడు,
ఇరవై నిమిషాలు. ఎవరూ టీవీ ఆపలేదు.
రన్నింగ్ రూంలో వంట చేసే ఖాసింబీ
పప్పులో ఉప్పెక్కువైతే పెండ్లాన్ని తలుచుకొని
కండ్లు తుడుచుకునే డ్రైవరు గురించి చెప్పింది, పేరు చెప్పలేదు.
మరుసటి రోజు పద్నాలుగు మంది డ్రైవర్లు
నా గురించేనా అని ఆఫీసుకొచ్చినారు.

ఆయప్ప అడిగేది ఒకటే ప్రశ్న.
"ఊ, మళ్లా?"
ఆ మళ్లాలో చానా చోటుండేది.
మనిషి చెప్పులు బయట విడిచి లోపలికొచ్చేవాడు.

మధ్యలో గూడ్సు వచ్చేది.
మిద్దె వణికేది, జలపాతం వణికేది,
మైకులో ఇనుము తప్ప ఇంకేమీ లేదు.
నెట్టికంటయ్య చెయ్యెత్తేవాడు. గూడ్సు పోనీ.
వచ్చినాయన మాటను నోట్లోనే పట్టుకొని కూచునేవాడు.
యాభై ఎనిమిది వ్యాగన్లు.
రైల్వే క్వార్టర్సులో, దర్గా వీధిలో,
చల్లారిన సంగటి ముందర కూచున్నవాళ్లు,
నిద్రపట్టనివాళ్లు, డ్యూటీకి పిలుపొస్తుందని
చెప్పులేసుకొనే పండుకున్నవాళ్లు,
అందరూ ఆ చెయ్యి వైపే చూస్తా.
బండి పోయినాక చెయ్యి దించి,
"ఊ, మళ్లా?"

కొనకొండ్ల నుంచి ఓబుళపతి వచ్చినాడు ఒకసారి,
తమ్మునితో బోరు తగాదా.
"ఊరందరి ముందర చెప్తాండా, వాడు నాకు..."
గూడ్సు.
అది పోయేసరికి గొంతు మారింది.
"ఏం లేదులే సామీ. పొద్దున నేనే పోయి మాట్లాడతా."
మిగిలిన సగం మాట ఏందో నాకు ఇప్పటికీ తెలీదు.
ఆ బండి దాన్ని బళ్లారికి మోసిందో ధర్మవరానికో.

టేపులు ప్రియం.
నిన్నటి మాట మీదే ఈ రోజు మాట ఎక్కించేవాళ్లం.
తుడిచింది నేనే, ఈ చేత్తోనే, ఏడేండ్ల రాత్రులు.
అప్పుడేం బాధ కాలేదు.
మాటలకు కూడా కరువొస్తుందా అనుకున్నా.

ఇప్పుడు తెర మీద ఆరు కిటికీలు, ఆరు తలకాయలు,
ఒకరి నోట్లో ఒకరు. ఏ బండి వచ్చినా ఎవరికీ వినపడదు.
మిద్దె కింద సోడా లేదు, సెల్లు కవర్లు అమ్ముతారు.
నెట్టికంటయ్య చివరిదాకా ఎరువులంగట్లో లెక్కలు రాసినాడు.
యూరియాకొచ్చినోళ్లు రొంతసేపు ఎక్కువే కూచునేవాళ్లంట.

పోయిన నెల ఎవరిదో పెళ్లి క్యాసెట్టు దొరికింది, మేం తీసిందే.
అప్పగింతలు అయిపోయినాయి, నీలం తెర, గీతలు,
ఆ గీతల సందులోంచి కోటు.
తుడవడం మరిచిపోయిన తోక.
ఒక్క మాటైనా వినపడుతుందని ముందుకు వంగినా.
చెయ్యి ఎత్తే ఉంది.
వ్యాగన్లు, వ్యాగన్లు, జలపాతం వణుకుతా,
ఆడికి టేపు అయిపోయింది.

పక్కన నా కూతురు ఫోను బోర్లించి అడిగింది,
ఏం చెప్పబోతాండాడు నాయనా?

ఉండమ్మా, అన్నా.
గూడ్సు పోనీ.