నాణెమంత నీడ

"నాణెమంత ఉంది" అన్నాడు డాక్టరు
నా కుడి ఊపిరితిత్తిని తెరమీద వెలిగించి.
ఏ నాణెం, అనడిగాను.
పీతలమ్ముకునేవాణ్ణి, చిల్లర దగ్గర ఖచ్చితంగా ఉంటాను.
ఆయన నవ్వలేదు.
"పది సెంట్ల బిళ్ళంత. కోసి చూస్తే గానీ చెప్పలేం."

క్యాన్సర్ అని ఎవరమూ అనలేదు.
ఊమా ఆసుపత్రి నుంచి ఇంటిదాకా
ఎలోడీ కారు నడుపుతూ
వాన లేకుండానే రెండుసార్లు వైపర్లు వేసింది.

వరండాలో, ఇనప ఊచల పెట్టెలో, ఫిలే.
సాసాఫ్రాస్ ఆకుపొడి రంగు ఒళ్ళు, ఒక కన్ను నీలం.
తోక ఒక్కసారి నేలకు కొట్టి ఊరుకుంది.
దాని సంగతి మే నెలలోనే తేలింది.
పశువుల డాక్టరమ్మ నాకాన్ ఒక చుక్క నెత్తురు గాజుపలక మీద పరిచి
"చూడు యులిస్" అంది.
ఎర్రకణాల గుంపులో సన్నటి గీతలు
జనాన్ని తోసుకుపోతున్నట్టు కొట్టుకుంటున్నాయి.
"ఇవి పిల్లలు. తల్లులు గుండె దగ్గరున్నాయి,
జానెడు పొడుగు, ఉడికిన సేమ్యాలా చిక్కుపడి."
నెలనెలా మాత్ర వెయ్యలేదా, అంది.
తుఫాను ఏడు కదా, మరిచాం, అన్నాను.
మరవలేదు.
ఆ డబ్బు పడవ డీజిల్లో కాలిపోయింది.

నడుము కండలోకి పాషాణం సూది.
తర్వాత పరుగు లేదు, గెంతు లేదు, ఉడుత లేదు.
"పురుగు బతికున్నప్పటికంటే
చచ్చేటప్పుడే భయం" అంది నాకాన్,
"ముక్కలై కొట్టుకొచ్చి ఊపిరికి అడ్డం పడుతుంది."
ఇలాంటి మాటలు
మనుషుల గురించీ విన్నాను, ఒకరిద్దరి అంత్యక్రియల్లో.

మా బయూ నడక మరిచిన ఏరు.
నిరుటి గాలికి కొట్టుకొచ్చిన ఫ్రిజ్జులు, టైర్లు
ఇంకా గట్టున నోళ్ళు తెరుచుకునే ఉన్నాయి.
ప్రతి నోట్లో దోసెడు నీళ్ళు, ఆ నీళ్ళలో తోకాడించే నలుసులు.
గుండె చెరువయిందంటారే,
మాకు చెరువే గుండెలోకి వచ్చింది,
ఈగ పాటి బరువైనా లేని పడవెక్కి.

ఆగస్టులో నన్ను కోశారు.
పక్కటెముకల సందున మూడు కన్నాలు, ఒక గొట్టం.
నాలుగో రోజున డాక్టరు మంచం అంచున కూర్చున్నాడు,
నిలబడి చెప్పాల్సిన కబురు కాదన్నట్టు.
"క్యాన్సర్ కాదు. పురుగు. చచ్చిన పురుగు.
కుక్కల గుండెల్లో ఉండేది."

ఎలోడీ ముందు నవ్వింది, తర్వాత కూలబడి ఏడ్చింది,
తర్వాత మళ్ళీ నవ్వింది, నర్సు తలుపు మూసేదాకా.

నాకు మాత్రం ఆ పురుగే గుర్తొస్తుంది రాత్రుళ్ళు.
దోమ కడుపులో రెండు వారాలు పెరిగి
దాని మూతి వెంట దిగి
నా నెత్తుట్లో నెలల తరబడి ఈదింది పాపం,
నన్ను కుక్క అనుకుని.
తోడు దొరకలేదు. గది దొరకలేదు.
తప్పు చిరునామాలో
ఒక సన్నటి నరం మలుపు దగ్గర ఆగిపోయింది.
దాని చుట్టూ నా ఒళ్ళే గోడ కట్టింది.
ఆ సమాధినే చూసి
నేను మా అన్నకు వలలు రాసిచ్చేశాను.

ఇప్పుడు ఇద్దరం వరండాలో.
దానికి నడుం మీద గొరిగిన చోట నూగు వస్తోంది,
నాకు చంక కింద.
ఇద్దరికీ పరుగు నిషేధం.
ఎలోడీ ఇద్దరికీ ఒకే గొంతుతో చెబుతుంది, "కూర్చో."

పొద్దు వాలాక కాలువ అవతలి నుంచి కయోటీ కూసింది.
ఫిలే చెవి లేచింది. కాళ్ళు లేవలేదు.
ఆ కయోటీకి డాక్టరమ్మ లేదు, పెట్టె లేదు,
ఒకటో తారీఖు లేదు.
దగ్గుతూనే వేటాడుతుంది కాబోలు.

మోచేతి మీద చురుక్కుమంది. కొట్టాను.
అరచేతిలో ఇంత ఎరుపు.
నాదా, ఫిలేదా, అవతలి గట్టుదా?
దీపం దగ్గరికి పట్టుకెళ్ళి చూశాను,
చూస్తే తెలిసేదేదో ఉన్నట్టు.
తర్వాత ప్యాంటుకు తుడిచేసి
టైర్లు బోర్లించడానికి మెల్లగా లేచాను.
"కూర్చో" అంది ఎలోడీ లోపల్నుంచి.
ఫిలే కూర్చుంది.