పక్కోడి తాళంచెవి

తాతయ్యగుంటకు రెండు సందులు ఇవతల నా నెట్ సెంటరు.
నాలుగు కంప్యూటర్లు,
ఒకదానికి స్పేస్ మీట గట్టిగా కొడితేగాని పడదు.
చెంగమ్మక్క ఎప్పుడూ దాని ముందరే కూర్చుంటుంది,
మిషను తొక్కే కాళ్లకు అదొక లెక్కా అంటుంది.

ఆ పొద్దు మెడలో కొలతల టేపు తీయకుండానే వచ్చింది.
కుట్టుపనికి సర్టిఫికెట్ పరీక్షంట, ఫీజు లేదంట,
అదుంటే కొత్త మిషనుకు బ్యాంకోళ్లు లోనిస్తారంట.
పేజీ తెరుచుకుంది. నవ్వుతా ఉండే ఆడోళ్ల బొమ్మ.
కింద ఒకే ఒక నీలం మీట:
ఫేస్‌బుక్‌తో లోపలికి రండి.

ఇంకో దారి లేదా, అనింది.
పేజీ కిందికి జరిపినా, పైకి జరిపినా,
సందు చివర గోడుందని తెలిసీ
బండి తిప్పుకోలేని ఆటోవాడి మాదిరి.
లేదక్కా.

రెండేళ్ల కిందట ఇదే కుర్చీలో
తన ఖాతా మూయించింది నా చేతనే.
జాతర ఫొటోలోని మొకానికి
ఎవడో వేరే ఒళ్లు అతికించి ఊరంతా తిప్పినాడు.
ఆమె ఏడవలేదు.
ముయ్యి, ముయ్యి అని మాత్రం అంటానే ఉండింది
గ్యాసు వాసనొచ్చిన వంటింట్లో అన్నట్టు.
ఇప్పుడు ఆ వంటింట్లో నుంచే
నడిచి రమ్మంటున్నారు.

"ఉప్పు కొనేదానికి పోతే
ఎదురంగడి శెట్టి కాడ చీటీ తెమ్మంటారా నాయనా?
చంక కాడ పట్టకుండా జాకెట్టు కుడతావా, అడగమను.
కాజాలు చేత్తో చేస్తావా, అడగమను.
నా చుట్టాలెవరో, ఎవురి పెండ్లికి పోయినానో
వాళ్లకెందుకుబ్బా?"

నిజం చెప్పాలంటే, అవతలి మాట కూడా నాకు తెలుసు.
పాస్‌వర్డు మర్చిపోయి వారానికి మూడుసార్లొచ్చే
మునస్వామి తాతకు నేనే చెప్పినా:
ఒకదాంతో అన్నీ తెరుచుకుంటాయి తాతా, నీకెందుకు.
ఆయన సంతోషంగా పోయినాడు.
నేను పది రూపాయలు తీసుకున్నా.

నా ఖాతాతో పోదాం లే అక్కా, అన్నా.
చిన్న పలక ఒకటి లేచింది.
మీ పేరు, మీ ఫొటో, మీ స్నేహితుల జాబితా
వీళ్లకు ఇచ్చేదానికి ఒప్పుకుంటారా?
ఆమె తెరమీద వేలు పెట్టి
కుట్టు విప్పినట్టు ఒక్కో అక్షరం చదివింది.
"నీ పేరుతో లోపలికి పోతే
పాసయ్యేది ఎవురు, నువ్వా?"

తర్వాత నవ్వింది, అంతగా నవ్వు కాదు.
"మా ఇంటాయన జాతరకు ఒకరోజు బైరాగి,
మర్నాడు బండవేషం, ఆ మర్నాడు తోటి.
ఏ మొకంతో పోయినా గంగమ్మ రానిస్తుంది.
ఈళ్లకు ఒకే మొకం కావాల,
అదీ ఇంకోడి కాడ కుదవ పెట్టిందే కావాల."

ఆమె పోయినాక
నా ఖాతా నేనే తీసేద్దామని కూర్చున్నా.
నిజంగానా, అని అడిగింది తెర.
దాన్ని పట్టుకొని వేలాడేవన్నీ చూపించింది:
బస్సు టికెట్లు, పాప స్కూలు ఫీజు,
చిత్తూరు మార్కెట్లో తోతాపురి ధర,
చదరంగం,
ఎప్పుడో పాత స్కూటరు అమ్మకానికి పెట్టిన సైటు.
గోడకు ఒకే మేకు. ఇంటిల్లిపాది బట్టలూ దానికే.
పీకితే అన్నీ యాడ పెట్టేది?

పీకలేదు.
కీబోర్డు కింద ఇరవై రూపాయల నోటు,
లోపలికి పోని అరగంటకు.

వెనక్కిద్దామని బయలుదేరినా.
సందు మలుపులో మిషను చప్పుడు.
ఆమె అంగడికి తలుపు లేదు, పాత చీర పరదా.
బయట నిలబడి
అక్కా, అన్నా.
గొంతు చాలింది.