ఇరవై ఫ్రేములు

మాసాబ్ ట్యాంక్ కాలేజీలో ఏటా జూలైలో
మొదటి క్లాసుకి ఆ సీనే పెడతాను.
ముప్పై రెండు రోజులాడి పోయిన సినిమా.
మిగిలిందల్లా మా చిక్కడపల్లి టాకీసులో
తెర మీంచి పట్టిన ఒక్క క్యాసెట్టు.

లైట్లార్పండి.
ముందు కెమెరా ఎక్కడుందో చూడండి:
నేల మీద, గడప ఎత్తులో.
చావు కబురు మోసుకొచ్చినవాడి మొహం చూపించలేదు,
విప్పడమా వద్దా అని తడబడే
బురద చెప్పుల్ని చూపించాడు.
నోటితో అంతకంటే ఏం చెప్తాడు?

వెనకాల మసగ్గా ఒక నీలం.
అది కిరోసిన్ స్టవ్వు.
ఫోకస్ చెప్పుల్నించి మంట దాకా నడుస్తుంది.
ఒక్క చోట కెమెరామన్ వేళ్లు వణికినట్టుంటుంది,
దాన్ని తప్పనకండి.
వయొలిన్ల వరద లేదు. స్టవ్వు బుస ఒక్కటే.
ఆమె వంగి గాలి వదుల్తుంది.
బుస తగ్గి, తగ్గి,
గదిలో ఎప్పట్నించో ఉన్న నిశ్శబ్దం
అప్పుడు వినపడుతుంది మనకి.
పెదవి విడివడుతుంది.
కట్.

ట్యాంక్‌బండ్ మీద డబల్ డెక్కర్ బస్సు.
పై అంతస్తులో ముందు సీటు ఖాళీ.
ఆ ఖాళీ మీద, సెకను కూడా నిండని సేపు,
ఆమె ఊపిరి లోపలికి పీల్చిన చప్పుడు.
బొమ్మ వెళ్లిపోయింది, గొంతు వెనకబడింది.

పంతొమ్మిదేళ్లు దాన్ని డైరెక్టరు గొప్పతనమన్నాను.
బోర్డు మీద గీతలు గీశాను.
పరీక్షలో అడిగి, వేరేగా రాసినవాళ్లకి
మార్కులు కోశాను.

పోయిన చలికాలం మద్రాసు గోడౌన్లో నెగటివ్ దొరికింది.
కడిగి పంపించారు. చూశాను.
పెదవి విడివడ్డాక కట్ లేదు.
పదకొండు సెకన్లు ఆమె ఏడుస్తుంది,
స్టవ్వు పక్కన కూలబడి, గిన్నె దొర్లిపోయి,
కెమెరా కదలకుండా.
బాగుంది కూడా.
అదే నన్ను నిద్రపోనివ్వలేదు.

పార్సిగుట్టలో మా నాయన బాలనర్సు,
రెండు కళ్లకీ శుక్లాలు,
ఇరవై ఆరేళ్లు ఆ టాకీసు ఆపరేటరు.
"పట్టీ తెగింది బిడ్డా, అతికిచ్చిన" అన్నాడు.
అటు తిరిగి పడుకున్నాడు.

అటక మీద కార్బన్ పుల్లల పెట్టె కింద
ఒక తగరపు డబ్బా.
లోపల పదహారున్నర అడుగుల పట్టీ.
తెగిన ఫిల్మ్ అంచు కుక్క కొరికినట్టుంటుంది.
దీని అంచులు రెండూ
టైలరు కత్తిరించినంత తిన్నగా ఉన్నాయి.
మూత మీద పెన్సిల్ రాత:
సినిమా పేరు కాదు, అండాలు అని.
అండాలు మా అమ్మ.

ఆ వానాకాలమే మా చిన్నోడు పోయాడు.
అమ్మ మళ్లీ ఎప్పటిలాగే మ్యాట్నీ వేళకి
ఇనుప మెట్లెక్కి అన్నం డబ్బా తెచ్చేది.
నాయన తినేదాకా మిషను పక్క చిన్న కిటికీలోంచి
తెర కేసి చూస్తూ నిలబడేది.
నేను రీళ్లు చుడుతూ ఆమె వీపు చూసేదాన్ని.
ఒకరోజు మెట్ల మీదే డబ్బా పెట్టి వెళ్లిపోయింది.
తెల్లారి మ్యాట్నీ నుంచి
ఆ సినిమాలో ఎవరూ ఏడవలేదు.

ప్రొజెక్టర్లో బొమ్మ చదివే చోటుకీ
చప్పుడు చదివే చోటుకీ
ఇరవై ఫ్రేముల దూరం.
కత్తెర బొమ్మని ఆపిన చోట చప్పుడు ఆగదు,
ఇరవై ఫ్రేములు నడిచి వచ్చి ఆగుతుంది.
నాయనకది తెలుసు.
ఆ కాస్త ఊపిరిని మాత్రం
ఏ జిగురుతో, ఏ బ్లేడుతో తియ్యాలో
తెలియలేదో, తియ్యలేదో.

ఈ జూలైలో రెండూ పెట్టాను, ఒకదాని వెనక ఒకటి.
ఎవరూ మాట్లాడలేదు.
వనస్థలిపురం నుంచి వచ్చే పిల్ల, మెహర్ సుల్తానా,
చీకట్లోనే అడిగింది:
"మేడం, బస్సు మీద ఆ ఊపిరి ఎవరిది?"

లైటు వేద్దామని లేచాను.
పంతొమ్మిదేళ్లుగా ఉన్న స్విచ్చు
కాసేపు చేతికి దొరకలేదు.