దుబాసీ

దౌత్యం కారు దిగింది
శ్రీకాకుళం మసీదు వీధిలో, మిట్టమధ్యాహ్నం.
వెంట ఢిల్లీ దుబాసీ,
నోట్లో ఇస్త్రీ మడత నలగని ఉర్దూ.

మౌజన్ దస్తగీరు తాత చెవి వంచి విన్నాడు.
"ఏటంతన్నాడ్రా ఈ బాబు?"

దుబాసీ నీళ్లు నమిలాడు.
బాడుగ కారు డ్రైవరు గవరయ్య అందుకున్నాడు,
దొర మాట సిక్కోలులోకి, తాత మాట ఇంగ్లీషులోకి,
సగం చేతులతోనే.

"మీ బాంబు పడ్డ రేత్రి
నా తమ్ముడు బస్రాలోన రొట్టెలు కాల్తన్నాడు.
ఆడేటయ్యాడని ఇన్నేళ్లలోన ఒక్కలూ అడగనేదు."

గవరయ్య గుటక వేశాడు.
"సెప్పు" అన్నాడు తాత.

చెప్పాడు.

దొర రాసుకొచ్చిన కాగితం మడిచేశాడు.
ఏదో అడిగాడు, రెండే మాటలు.
గవరయ్య నోరు విప్పేలోగా
తాత తమ్ముడి పేరు చెప్పాడు
అజాన్ ఇచ్చే గొంతుతో.