త్రేన్పు

తెల్లారి నాలుగున్నరకి, ఎవరూ లేవకముందు,
మగ్గం గుంట అంచున కూర్చుని
చౌడేశ్వరి పటానికి వీపు తిప్పి
చేపనూనె మాత్ర మింగుతాను.

మా ఇంట్లో మూడు తరాలుగా
చేప గడప దాటలేదు.
వీధిలో ఎక్కడ పులుసు కాగినా
మా అత్తగారు కిటికీ మూసి సాంబ్రాణి వేసేది.
నేనేమో అరవై చేపల్ని
(చేపలు కూడా కావు, చేపల చెమట)
పట్టు కండెల బుట్ట వెనకాల దాచాను.

ఆరువందల నలభై రూపాయలు.
ఒక కుంభాల అంచు కూలి.

చెప్పింది దమయంతి, ఎదురు మేడ మీద అద్దెకుండే పిల్ల:
"నడుము దగ్గర కరిగిపోతుంది పిన్నీ,
మనసు కూడా తేలికవుతుంది."
నడుము కన్నా ఆ రెండో మాటే నన్ను పట్టుకుంది.
మనసు ఎంత బరువుందో
ఏ తక్కెట్లోనూ ఎప్పుడూ చూసుకోలేదు.

మాత్ర అందంగానే ఉంటుంది.
దీపానికెదురుగా పట్టుకుంటే
సరిగ కరిగి నీళ్ళైనట్టు.
సీసా మీద నార్వే సముద్రం అని రాసుంది.
బరంపురానికి అయిదు క్రోసుల్లో ఉన్న సముద్రాన్ని
నేను రెండే సార్లు చూశాను.

మొదటి నెల డెబ్బై నాలుగున్నర.
రెండో నెల డెబ్బై నాలుగుంపావు.
ఆ పావు కిలో
గిరి రోడ్డు మందుల షాపులో చెప్పులు విప్పి ఎక్కినందుకు.

డాక్టరు పాణిగ్రాహి సీసా అంతా చదివి, మూత బిగించి,
"మా, ఎథిరె ఓజనొ కొమిబొ నాహి" అన్నాడు.
రక్తంలో ఒక రకం కొవ్వుకి పనికొస్తుందట,
అదీ వాళ్ళు చూసి రాస్తేనట.
మనసు సంగతి అడిగాను.
పంకా వైపు చూశాడు కాసేపు.
"కొందరికేమో. గట్టిగా చెప్పలేం."
తర్వాత తెలుగులోకి దిగి, "నడవండి."

నడవడమా బాబూ?
పొద్దుటి నుంచి దీపాల దాకా తొక్కుడుకర్రల మీద
గోపాలపూరు వెళ్ళి వచ్చేటంత నడుస్తాను.
కాళ్ళే వెళతాయి.
మనిషి గుంటలోనే ఉంటుంది.

శుక్రవారం ఎండలో, కవళ్ళ గంపతో
మా వీధిలోంచి పోతూ
గనగళ్ళ సింహాలమ్మ మంచినీళ్ళడిగింది.
చెంబు అందిస్తూ
త్రేన్చాను.

ఆమె చెంబు దించింది.
గంప వైపు చూసింది. నా వైపు చూసింది.
"ఏటమ్మా, నా సరుకు నీ కడుపులోకెప్పుడెల్లింది?"

అబద్ధానికి నోరు తెరిచాను.
మళ్ళీ అదే వచ్చింది.

సీసా చూపించక తప్పలేదు.
మూత తీసి వాసన చూసి,
"ఏ సముద్రందైతేనేటి, ఇది మా కవళ్ళ నూనే.
ఈ డబ్బుకి గంపెడొత్తాయి గదే తల్లీ!"
తన నడుం మీద రెండు చేతులూ ఆనించి
గిర్రున ఒక చుట్టు తిరిగింది.
"పుట్టిన కాణ్ణుంచి తింటన్నాను, నన్ను సూడు.
సేపనూనెకి సన్నబడితే
తిమింగలం తీగలాగుండాల గదా?"

ఇద్దరం గుమ్మంలో కూలబడ్డాం.
పొట్ట పట్టుకుని నవ్వాను,
పట్టుకోడానికి పొట్టయితే ఉంది మరి.
ఈ నవ్వు ఖరీదు ఆరువందల నలభై అనుకున్నా
నష్టం లేదనిపించింది ఆ పూటకి.
మర్నాడు కూలి లెక్క చూసుకుంటుంటే
మళ్ళీ ఉందనిపించింది.

పదకొండు మాత్రలు మిగిలాయి.
పారెయ్యడానికి చెయ్యి రాలేదు, మింగడానికి నోరు రాలేదు.
జాకెట్టు కుట్టే సూదితో ఒకదాన్ని గుచ్చి
కిర్రుమనే తొక్కుడుకర్రకి రాశాను.
ఏడాదిగా ఆగని కిర్రు
ఆగింది.

మూడు రోజులుగా గుంట చుట్టూ
వీధిపిల్లి తిరుగుతోంది, తోక నిలబెట్టి.
"దీనికి నేత మీద ఇంత మోజేమిటే?" అంటాడాయన.

నేను నాడె విసిరాను
అటు నుంచి ఇటు.